ఇల్లు ఎక్కడని అడిగితే

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, పీర్జాదిగూడల నుంచి వచ్చాయి. అమెరికా ప్రయాణాలంటే అందరూ మాదాపూర్, కొండాపూర్ వైపు చూస్తారు. కానీ నాచారం పారిశ్రామికవాడ జీతాలతో పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించి పంపినవాళ్లు, భువనగిరి, జనగామ, వరంగల్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లి ఆ సంపాదనతో ఉప్పల్ చుట్టుపక్కల ప్లాట్లు కొనుక్కున్నవాళ్లు హైదరాబాద్ తూర్పు వైపునా చాలామంది ఉన్నారు. అడిగినవి వేరువేరు ప్రశ్నలే అయినా ముడి దాదాపు ఒక్కచోటే పడి ఉంది. అందుకే కలిపి ఇస్తున్నాను.

ప్రశ్న: నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. 1994లో 200 గజాల్లో ఇల్లు కట్టుకున్నాం. పెద్దబ్బాయి డాలస్‌లో, చిన్నబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటారు. ఇద్దరూ ఎప్పుడు అడిగినా “ఇంకో రెండేళ్లలో వచ్చేస్తాం నాన్నా” అంటారు. వాళ్ల కోసమని పై అంతస్తు కిరాయికి ఇవ్వకుండా తాళం వేసి ఉంచాం. ఇప్పుడొక బిల్డర్ డెవలప్‌మెంట్‌కు అడుగుతున్నాడు. మా ఆవిడ ససేమిరా అంటోంది. పిల్లల్ని అడిగితే “మీ ఇష్టం” అంటున్నారు. ఈ ఇల్లు పడగొడితే వాళ్లకు ఊరంటూ లేకుండా పోతుందేమోనని నా భయం. ఏం చేయమంటారు?
– హెచ్.ఎం.టి. నగర్, నాచారం

జవాబు: మీరు అడిగింది బిల్డర్ గురించి. కానీ ఉత్తరమంతా “రెండేళ్లలో వచ్చేస్తాం” అన్న మాట చుట్టూనే తిరిగింది. ముందు దాని సంగతి చూద్దాం.

మీ అబ్బాయిలు అబద్ధం చెప్పడం లేదు. ఆ మాట అన్న రోజున వాళ్లకు నిజంగానే రావాలని ఉంటుంది. పెద్దబ్బాయి సంగతే చూడండి. అమెరికాలో ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకైనా ఏడు శాతానికి మించి దక్కకూడదని నియమం ఉంది. అందువల్ల మన దేశంలో పుట్టినవాళ్ల వరస ఏళ్ల తరబడి సాగుతుంది. ఆ వరసలో నిలబడ్డ మనిషి ఏ నిర్ణయమైనా “కార్డు వచ్చాక” అంటాడు. కార్డు వచ్చాక పౌరసత్వం, ఆ తర్వాత పిల్లల హైస్కూలు. ఒక్కో మజిలీలోనూ అతను చెప్పే కారణం నిజమే. మీకు మాత్రం అవన్నీ కలిసి ఒకే మాటగా వినిపిస్తాయి. దాన్ని నమ్ముకుని మీరిద్దరూ పై గదులకు తాళం వేసి కూర్చున్నారు. రావాల్సిన కిరాయి రాకపోవడం అందులో చిన్న నష్టం. ఈ వయసులో లిఫ్టున్న ఇంట్లోకి మారాలా, ఆసుపత్రికి దగ్గరగా ఉండాలా, ఇద్దరూ నాలుగు నెలలు ఊళ్లు తిరిగి రావాలా అన్నవన్నీ కొడుకుల తేదీల కింద పడి ఆగిపోయాయి. నాకు బాధ కలిగేది అక్కడే.

ఈ ఆదివారం ఇద్దరినీ ఒకేసారి వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. “ఎప్పుడొస్తారు” అని అడగొద్దు. దానికి పాత జవాబే వస్తుంది. “మీరు రాలేకపోతే ఏం చేద్దాం” అని అడగండి. మాలో ఒకరికి ఒంట్లో బాగోకపోతే ముందు ఎవరు దిగుతారు, ఎన్నాళ్లు ఉండగలరు? ఇద్దరిలో ఒకరమే మిగిలితే ఆ మనిషి ఎక్కడుండాలి? ఈ స్థలం మీలో ఎవరికైనా కావాలా? వీటికి “మీ ఇష్టం” అంటే ఒప్పుకోకండి. ఆ మాట గౌరవంగా వినిపిస్తుంది గానీ బరువంతా తెచ్చి మీ మీదే పెడుతుంది. “రాకపోవచ్చు నాన్నా” అని ఒకసారి నోరు విప్పి చెబితే ఆ పూట మీకు కష్టంగానే ఉంటుంది. కానీ మర్నాటి నుంచి మీ బతుకు మీ చేతికి వస్తుంది. వాళ్లకూ ఫోన్ చేసిన ప్రతిసారీ ఉండే తప్పు చేస్తున్న భావం తగ్గుతుంది.

మీ ఆవిడ మాటను మొండితనంగా తీసుకోకండి. ఆ తాళం తీయడమంటే పిల్లలు రారని ఒప్పుకోవడమేనని ఆమెకు అనిపిస్తూ ఉంటుంది. కొత్తగా కట్టేదాంట్లో మీ వాటా ఫ్లాటులో పిల్లలకని ఒక పడకగది అదనంగా ఉండేలా ప్లాన్ గీయించుకోండి. ఆ గది ఎటువైపు ఉండాలో ఆమెనే చెప్పమనండి. ఊరు లేకుండా పోతుందన్న భయానికి నా జవాబు ఇది: ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియోను గుర్తుగా చెప్పి దారి చూపించిన నాచారం మీది. మీ మనవలకు తెలిసినది దిగాల్సిన మెట్రో స్టేషన్ పేరు. ఊరు ఎలాగూ మారింది. సెలవుల్లో వాళ్లు దిగేది గోడల కోసం కాదు, మీ ఇద్దరి కోసం. మీరు ఏ ఫ్లాటులో ఉంటే అక్కడికే వస్తారు.

ఇక కాగితాలు. బిల్డర్‌తో ఒప్పందం రిజిస్టర్ చేయించండి. మీకొచ్చే ఫ్లాట్లు ఏవో, ఎప్పటిలోగా ఇస్తాడో, అప్పటిదాకా మీరుండే ఇంటి కిరాయి ఎవరు కడతారో, ఆలస్యమైతే ఏమిటో అందులో ఉండాలి. 500 చదరపు మీటర్లు దాటని చిన్న స్థలాలకు రెరా నమోదు తప్పనిసరి కాదు. మీ 200 గజాలు దాదాపు 167 చదరపు మీటర్లే కాబట్టి మీ ఒప్పందమే మీకు రక్ష. కట్టడానికి అనుమతి చేతికి రాకుండా ఇల్లు ఖాళీ చేయకండి. పిల్లల పేరు మీద ఇప్పుడే గిఫ్ట్ డీడ్ రాయమని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. వీలునామా చాలు. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించుకోవడం మేలు. కొడుకులు ఏ దేశ పౌరులైనా వారసత్వంగా వచ్చే ఆస్తి వాళ్లకు దక్కుతుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో పదకొండేళ్లుండి పోయిన జూన్‌లో హబ్సిగూడకు వచ్చేశాం. మా అత్తగారికి ఆరోగ్యం బాగోలేదు, మాకూ రావాలనే ఉంది. పాపకు తొమ్మిదేళ్లు, అక్కడే పుట్టింది. పడుకునే ముందు “ఇంటికెళ్దాం” అని ఏడుస్తుంది. “ఇదే నీ ఇల్లు, అది కాదు” అని మా అత్తగారు కోప్పడతారు. స్కూల్లో తెలుగు రాయలేక మాటలు పడుతోంది. “కొన్నాళ్లు చూద్దాం, నచ్చకపోతే వెళ్లిపోదాం” అని నేను సముదాయిస్తున్నాను. మేం చేసింది తప్పా?
– హబ్సిగూడ

జవాబు: వచ్చి తప్పు చేయలేదమ్మా. కానీ పాప అంటున్నదీ నిజమే. మీరిద్దరూ ఇంటికొచ్చారు, పాప ఇల్లు వదిలి వచ్చింది. ఒకే విమానంలో వచ్చిన ముగ్గురూ ఒకే ప్రయాణం చేయలేదు. ఇది మీ ఇంట్లో పెద్దలందరూ ఒప్పుకోవాలి, ముఖ్యంగా మీ అత్తగారు.

మన తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. కోస్తా జిల్లాల నుంచి తరాల తరబడి బర్మాలోని రంగూన్‌కు వలసలు సాగాయి. 1942లో జపాన్ దాడి చేసినప్పుడు కొందరు కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చారు. 1962లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక మిగిలినవాళ్లలో చాలామంది ఓడలెక్కారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా ఏర్పడిందే. పెద్దవాళ్లు సొంత దేశానికి వస్తున్నామనుకున్నారు. వాళ్ల చేయి పట్టుకుని దిగిన పిల్లలు అంతవరకూ ఈ నేల చూసి ఎరగరు. ఆ పిల్లలు తర్వాత ఇక్కడివాళ్లే అయ్యారు, అయినా బర్మా వంటలను విడిచిపెట్టలేదు. రెండూ ఒక మనిషిలో ఉండగలవు. 1688లో స్విట్జర్లాండ్‌కు చెందిన యోహానెస్ హోఫర్ ఇంటి మీద బెంగను ఒక జబ్బుగా వర్ణించి వైద్య వ్యాసం రాశాడు. ఈనాడు మనం దాన్ని జబ్బనం. కానీ అది పెంకితనం కాదని మీ అత్తగారికి చెప్పడానికి ఆ సంగతి పనికొస్తుంది.

మీరు మార్చుకోవాల్సింది ఒకటుంది: ఆ “చూద్దాం, నచ్చకపోతే వెళ్లిపోదాం” అన్న మాట. మీరు ఓదార్పుగా అంటున్నారు. పాపకు అది ఆశగా వినిపిస్తోంది. వెళ్లిపోతాం అనుకునే పిల్ల ఇక్కడ స్నేహం చేయదు, తెలుగు నేర్చుకోదు, వీధి పేరు కూడా గుర్తుపెట్టుకోదు. మీ భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒక గడువు తేల్చుకోండి. ఉదాహరణకు ఏడో తరగతి అయ్యేదాకా ఇక్కడే అనుకుంటే అదే చెప్పండి. ఏడుస్తుంది, ఏడవనివ్వండి. “నాయనమ్మ కోసం వచ్చాం” అని మాత్రం పాపతో అనకండి. ముసలామె మీద ఆ కోపం పడుతుంది. “నాన్నా నేనూ కలిసి నిర్ణయించుకున్నాం” అనండి.

అక్కడి స్నేహితురాలితో వారానికోసారి మాట్లాడించండి. మన శనివారం సాయంత్రం ఆరున్నర అంటే న్యూజెర్సీలో పొద్దున్న ఎనిమిదో తొమ్మిదో అవుతుంది, ఇద్దరికీ వీలైన వేళే. తెలుగు విషయానికొస్తే, 2018 చట్టం ప్రకారం తెలంగాణ బడుల్లో అది చదవాల్సిందే. టీచరును కలిసి పరిస్థితి చెప్పండి. కొన్నాళ్లు మాట్లాడటం, చదవటం వరకే చూడమని, రాతకు సమయమివ్వమని అడగండి. ఇంట్లో ఆ బాధ్యత మీ అత్తగారికి అప్పగించండి. రోజూ పావుగంట, బాలశిక్ష ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చుంటే చాలు. కోప్పడే నాయనమ్మకు పాప ఇబ్బంది అప్పుడు దగ్గర నుంచి కనిపిస్తుంది.

ఒక ముందుచూపు మాట. పాప అమెరికా పౌరురాలు కాబట్టి విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు మీద ఉంటుంది. 2021 మార్చి 4న వచ్చిన కేంద్ర ప్రకటన ప్రకారం, ఆ తేదీ తర్వాత ఓసీఐ కార్డు పొందిన పిల్లలు నీట్, జేఈఈ లాంటి ప్రవేశాల్లో భారతీయులకు ఉద్దేశించిన సీట్లకు పోటీపడలేరు, ఎన్నారై సీట్లకే అర్హులు. ఇప్పుడే కంగారు అక్కర్లేదు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఏ చదువు, ఏ దేశంలో అన్నది ఆలోచించి ఉంచుకోండి.

ప్రశ్న: వచ్చే నెల నా అమెరికా పౌరసత్వ ప్రమాణం. మాది ఉప్పల్. పాస్‌పోర్టు వదులుకుంటే ఇక నేను ఉప్పల్ వాణ్ని కానట్టేనా? అమ్మానాన్నలకు చెప్పడానికి నోరు రావడం లేదు.
– సియాటెల్

జవాబు: మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. ప్రమాణం చేసిన క్షణం నుంచి మీరు భారత పౌరులు కారు. ఆ తర్వాత పాత పాస్‌పోర్టుతో ప్రయాణం చేస్తే నేరం. దాన్ని అప్పగించి, అప్పగించినట్టు ఇచ్చే ధ్రువపత్రంతో ఓసీఐకి దరఖాస్తు చేసుకోండి. ఓసీఐ కార్డుతో జీవితాంతం వచ్చిపోవచ్చు, ఎన్నాళ్లైనా ఉండవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి కొనలేరు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఓటు పోతుంది. ఇన్నాళ్లూ భారత పాస్‌పోర్టుతో ఉన్నారు కాబట్టి, అందులోని చిరునామాను బట్టి ఫారం-6ఏ నింపి ఉప్పల్ నియోజకవర్గంలోనే ప్రవాస ఓటరుగా చేరే హక్కు మీకు ఉండింది. వచ్చి స్వయంగా ఓటేయాల్సి ఉంటుందని చాలామంది ఆ జోలికి పోరు. వదులుకునే వాటిలో నా దృష్టిలో అదే పెద్దది. అది తెలిసి వదులుకోండి.

అమ్మానాన్నలకు ప్రమాణానికి ముందే చెప్పండి. ఫొటోలో చూసి తెలుసుకుంటే వాళ్లకు గుచ్చుకునేది పౌరసత్వం మారడం కాదు, మీరు దాచడం. ఎందుకు తీసుకుంటున్నారో, ఏడాదికి ఎన్నిసార్లు వస్తారో అదే ఫోన్‌లో చెప్పండి. చేయగలిగినంతే చెప్పండి.

ప్రశ్న: సార్, నేను పద్దెనిమిదేండ్లు కువైట్‌ల ఇంటి డ్రైవర్‌గ చేసిన. రెండేండ్లకోసారి సెలవు మీద వచ్చేటోన్ని. పీర్జాదిగూడల ప్లాటు కొని ఇల్లు కట్టిన. ఇప్పుడు పూర్తిగ వచ్చేసిన. కని ఇంట్ల చుట్టం లెక్క ఉన్న. గ్యాస్ బుక్ చేసుడు కాడికెల్లి ఫీజుల దాక అన్ని మా ఇంటామెనే చూస్తది. పిల్లలు ఏది కావాల్నన్నా ఆమెనే అడుగుతరు. నేను ఒక మాట చెప్తె “నీకు తెల్వదు డాడీ” అంటరు. ఈ ఇల్లు నా పైసలతోటి కట్టింది. నాకే జాగ లేనట్టు అనిపిస్తుంది. మళ్ల పోదునా?
– పీర్జాదిగూడ

జవాబు: పై ఉత్తరాలు రాసినవాళ్లకూ మీకూ ఒక పెద్ద తేడా ఉంది. సియాటెల్‌లో ఉన్నవాళ్లకు అక్కడే ఇల్లు కట్టుకునే దారి దొరికింది. మీకు ఆ ఎంపిక ఎవరూ ఇవ్వలేదు. గల్ఫ్‌లో వీసా యజమాని చేతిలో ఉంటుంది, పని అయిపోతే దేశం వదలాలి. ఇంటి డ్రైవర్ వీసా మీద పెళ్లాం పిల్లల్ని తీసుకెళ్లడం అయ్యే పని కాదు. మీరు ఎన్నేళ్లున్నా అక్కడ చుట్టమే. ఆ పద్దెనిమిదేళ్లూ పీర్జాదిగూడ ఇంటిని తలచుకుని గడిపారు. వచ్చి చూస్తే ఇక్కడా చుట్టంలాగే ఉంది. మీ బాధ నాకు అర్థమైంది. ఇది పైసల మీద పెత్తనం కోసం పడే బాధ కాదు.

ఇప్పుడు మీ ఇంటావిడ వైపు నుంచి చూడండి. మీరు పంపింది పైసలు. ఇసుక లారీ దింపించింది, స్లాబు వేసే రోజు కూలీలకు వండి పెట్టింది, రాత్రి పిల్లాడికి జ్వరమొస్తే ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయింది ఆమె. మగమనిషి లేని ఇల్లని వాడకట్టులో ఎవరేమన్నా పడింది. భయపడుతూ నేర్చుకున్న పనులవి. ఈ రోజు “ఇక నేను చూసుకుంటా, నువ్వు కూర్చో” అంటే ఆమె చేతిలోంచి పద్దెనిమిదేళ్లు లాక్కున్నట్టవుతుంది. అందుకని పెత్తనం అడగకండి, పని అడగండి. “ఏ పని నీకు విసుగ్గా ఉంది, నాకియ్యి” అని అడగండి. కరెంటు బిల్లో, నీళ్ల ట్యాంకరో, చిన్నోణ్ని ట్యూషన్‌కు దింపి తెచ్చుడో, ఏదైనా ఒకటి పూర్తిగా మీదవ్వాలి. ఆమె మళ్లీ గుర్తుచేసే అవసరం రాకూడదు. పిల్లలు వాళ్ల పనుల కోసం ఎవరి మీద ఆధారపడతారో ఆ మనిషినే అడుగుతారు. మీరు నాలుగు నెలలు తప్పకుండా దింపి తెస్తే, అయిదో నెలలో “డాడీ, నోట్సు కొనాలి” అన్న మాట మీ దగ్గరికే వస్తుంది.

“నీకు తెల్వదు” అన్నప్పుడు కోపం తెచ్చుకోకండి. “తెల్వదు బిడ్డా, చెప్పు” అనండి. వాళ్లు పుట్టినప్పటి నుంచి జరిగినవి మీకు నిజంగానే తెలియవు, మీ తప్పు లేకుండానే. మీరు అక్కడ ఎట్లా ఉన్నారో వాళ్లకూ తెలియదు. ఎండాకాలం కార్లో కూర్చుని సేట్ కోసం ఎన్ని గంటలు చూసేవారో, పండగనాడు ఏం తినేవారో చెప్పండి. చాలా ఇళ్లలో ఈ కథ ఎవరూ అడగరు, తండ్రీ చెప్పడు. పిల్లలకు తెలిసింది చాక్లెట్లూ సెంటు సీసాలూ నింపుకుని వచ్చిన సూట్‌కేసు ఒక్కటే.

మళ్లీ పోవాలా అంటే, ఇంట్లో జాగ లేదన్న కోపంతో మాత్రం పోవద్దు. డబ్బు అవసరం ఉండి, ఇద్దరూ కూర్చుని ఇన్ని నెలలు, ఇంత కూడబెట్టి వచ్చేయాలని లెక్క రాసుకుంటే అది వేరే మాట. అప్పుడు కూడా ఊళ్లో ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టకండి. విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, లైసెన్సున్న ఏజెంట్ల పేర్లు ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో చూసుకోవచ్చు. మీ పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) కోవదైతే ప్రవాసీ భారతీయ బీమా యోజన తీసుకోవాల్సిందే. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి పది లక్షలు వస్తాయి. ఇక్కడే ఉంటానంటే మీ చేతిలో పద్దెనిమిదేళ్ల డ్రైవింగ్ ఉంది. ముందు ఇక్కడి లైసెన్సు గడువు చూసుకోండి.

ప్రశ్న: మా పై పోర్షన్‌లో సూడాన్ నుంచి వచ్చిన కుర్రాడు కిరాయికి ఉంటున్నాడు. ఉస్మానియాలో పీజీ. చదువు అయ్యాక వెళ్లిపోతాడనుకున్నాం. వాళ్ల దేశంలో యుద్ధం వల్ల ఎటూ పోలేకపోతున్నాడు. ఎవరితోనూ కలవడు. పండగలకు పిలుద్దామంటే “మనకెందుకు” అంటారు మావారు. నా కొడుకు కూడా జర్మనీలో ఎవరింట్లోనో కిరాయికే ఉంటున్నాడు. అందుకే మనసాగడం లేదు. ఏం చేయొచ్చు?
– నాచారం

జవాబు: మీరు ఉత్తరం రాశారంటేనే మీకు సగం తెలిసినట్టు. 2023 ఏప్రిల్‌లో ఖార్తూమ్‌లో మొదలైన యుద్ధం లక్షలాది మందిని ఇళ్లు విడిచిపోయేలా చేసింది. ఈ కుర్రాడు చదువుకోవడానికి వచ్చి, తిరిగి వెళ్లే ఇల్లు ఉందో లేదో తెలియని స్థితిలో చిక్కుకున్నాడు. మిగతా ఉత్తరాల్లో “ఎప్పుడు వెళ్దాం” అన్నది మనవాళ్లు వాయిదా వేసుకుంటున్న నిర్ణయం. అతనికి ఆ నిర్ణయమే లేకుండా పోయింది.

పిలవండి. పండగ రోజు బంధువులందరి మధ్య కాకుండా మామూలు రోజున, మీ ఇద్దరే ఉన్నప్పుడు పిలవండి. ఏం తినడో ముందే అడగండి, వంటలో ఏముందో చెప్పండి. యుద్ధం గురించి మీరుగా అడగకండి, చెబితే వినండి. తర్వాత ఎప్పుడైనా అతన్నీ ఏదైనా చిన్న సాయం అడగండి. ఇంటర్ చదివే పక్కింటి పిల్లకు లెక్కలు చెప్పమనో, మీ అబ్బాయికి వీడియో కాల్ కలపమనో. ఎప్పుడూ సాయం తీసుకునే మనిషిగానే ఉండటం ఎవరికైనా ఇబ్బందే.

మీవారి జంకుకు కారణం పోలీసుల భయం అయ్యుండొచ్చు. కాగితాలు సరిగ్గా ఉంటే అది అక్కర్లేదు. విదేశీయులు ఇంట్లో దిగిన 24 గంటల్లోగా ఇంటి యజమాని ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాలు నింపాలి. మీరు నింపారో లేదో చూసుకోండి, లేకపోతే వెంటనే నింపండి. అతని వీసా పొడిగింపు విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్ఆర్ఆర్ఓ) చూస్తుంది. అక్కడ ఇచ్చే పత్రాల్లో చిరునామా రుజువుగా మీరు రాసిచ్చిన కిరాయి ఒప్పందమే ఉంటుంది. పదకొండు నెలల ఒప్పందం వీసాకు ముందే ముగిసిపోతే అతను కష్టంలో పడతాడు. వీసా గడువు ఎప్పుడో అడిగి, అంతకు నెల ముందే కొత్త ఒప్పందం రాసి సంతకం పెట్టివ్వండి.